ఆరేళ్ళ లోపు

మహిళా జైలు, రాజమండ్రి
6 నవంబరు 2024

ఎలీసమ్మ వదినకు,

లిడియా వందనాలు. నా చేతిరాత గుర్తుపట్టగానే కాగితం చించేస్తావేమోనని భయంగా ఉంది. ఈ ఒక్కసారికి చివరిదాకా చదువు. ఆరేళ్ళుగా నీకు రాయలేదు. తమ్ముణ్ణి పోగొట్టుకున్నదానివి. ఆ పాపం నాదేనని కోర్టు పదేళ్ళు శిక్ష వేశాక, నీకు రాయడానికి నాకు ముఖమెక్కడిది?

ఇప్పుడు రాస్తున్నది నా కోసం కాదు, మార్క్ కోసం. నన్ను అరెస్టు చేసేటప్పటికి నాకు నాలుగో నెల. వాడు జైల్లోనే పుట్టాడు, నా దగ్గరే పెరిగాడు. నువ్వు వాణ్ణి ఎప్పుడూ చూడలేదు. నడిచేటప్పుడు కుడి భుజం కొంచెం వంచి నడుస్తాడు, అచ్చం వాళ్ళ నాన్నలాగే. నేర్పినవాళ్ళెవరూ లేరు.

ఇక్కడ తల్లి దగ్గర పిల్లల్ని ఆరేళ్ళ లోపే ఉంచనిస్తారు. ఫిబ్రవరి పన్నెండుకి వాడికి ఆరు నిండుతాయి. తర్వాత బంధువులెవరైనా సంతకం పెట్టి తీసుకెళ్ళాలి, లేదంటే పిల్లల హోముకి పంపుతారు. జైలు మేడం పిలిచి "ఎవరున్నారమ్మా నీకు?" అని అడిగింది. మా అమ్మ పోయిన సంగతి నీకు తెలుసు. నీ పేరు చెప్పాను. నిన్ను అడక్కుండా చెప్పాను, క్షమించు.

స్తుతి ఎలా ఉంది? దాని గురించి అడిగే హక్కు నాకుందో లేదో తెలియదు. వీణ్ణి దాని దగ్గర చేర్చితే చాలు. అక్కాతమ్ముళ్ళు ఒకరికొకరు తెలియకుండా పెరగకూడదు వదినా.

లిడియా

*

నల్లపాడు, గుంటూరు
28 నవంబరు

లిడియాకు,

ఉత్తరం చించలేదు. నాలుగు రోజులు బియ్యం డబ్బాలో పెట్టి, తర్వాత చదివాను.

మా మరియదాసు తాగినప్పుడల్లా పురుగుమందు తాగి చస్తానని బెదిరించేవాడు. అది నాకూ తెలుసు, పేట అంతటికీ తెలుసు. కానీ ఆ రోజు డబ్బా తెచ్చి వాడి ముందు పెట్టి "తాగు, చూస్తా" అన్నది నువ్వు. చుట్టుపక్కల అందరూ విన్నారు. వాడు నిజంగానే తాగాడు. గుంటూరు పెద్దాసుపత్రిలో రెండు రోజులు వాడి పక్కన నేనున్నాను. అవి నేను మర్చిపోతే కదా.

స్తుతికి తొమ్మిదేళ్ళు దాటాయి. నాలుగో తరగతి. బాగా చదువుతుంది. అది నువ్వు చనిపోయావని అనుకుంటోంది. నేనే చెప్పాను. అమ్మానాన్నలు లారీ ప్రమాదంలో పోయారని చెప్పాను. దాని ముందు ఎవరూ నోరెత్తొద్దని పేటంతా తిరిగి బతిమాలుకున్నాను. మూడేళ్ళ పిల్లకి అంతకన్నా ఏం చెప్పమంటావు? సమాధుల తోటలో మరియదాసు పక్కన పేరు లేని సమాధి ఒకటి ఉంటే, అది అమ్మదని చూపించాను. ఏటా ఈస్టరు రోజు పొద్దున్నే రెండింటికీ పూలు పెడుతుంది. నీదానికే ఎక్కువ పెడుతుంది.

ఇప్పుడు ఈ పిల్లాణ్ణి తెచ్చి వీడు నీ తమ్ముడంటే, ఆ సమాధిని ఏం చేయాలి? నువ్వే చెప్పు. కోల్డు స్టోరేజీ షెడ్డులో పొద్దస్తమానం మిరపకాయల తొడిమలు తీసి వచ్చేదాన్ని. ఇన్ని అబద్ధాలు అతికే తెలివి నాకు లేదు.

ఫోను మాత్రం చేయొద్దు. నేను పనిలో ఉంటే అదే ఎత్తుతుంది.

ఎలీసమ్మ

*

రాజమండ్రి
15 డిసెంబరు

వదినకు,

నేను చనిపోయే ఉంటాను. అదేం కష్టం కాదు. వీడు హాస్టలు నుంచి వచ్చిన చుట్టాల పిల్లాడని చెప్పు. స్తుతి పెద్దదయ్యాక, నీకు ఎప్పుడు చెప్పాలనిపిస్తే అప్పుడు చెప్పు. చెప్పకపోయినా సరే.

వాడికి రోజూ నేర్పిస్తున్నాను. "మీ అమ్మ ఎక్కడుందిరా?" అని నేనే అడుగుతాను. "లేదు" అనాలి. వాడు నా ముఖం చూసి నవ్వుతాడు. "ఇక్కడే ఉన్నావుగా" అంటాడు. నిన్న కోప్పడ్డాను. అప్పుడు ఏడుస్తూ "లేదు" అన్నాడు. ఇంక ఆ మాట వచ్చేసినట్టే.

నువ్వు ఒప్పుకున్నా లేకపోయినా వాడి సంగతులు కొన్ని రాస్తున్నాను. ఇక్కడ అందరం ఆడవాళ్ళమే కనక మగవాళ్ళ గొంతు వింటే దాక్కుంటాడు. కుక్కల్ని బొమ్మల్లోనే చూశాడు. గది దాటి బయటికి వెళ్ళాలంటే అడుగుతాడు, నువ్వు వెళ్ళమనేదాకా అక్కడే నిలబడతాడు. సాయంత్రం ఆరింటికి మమ్మల్ని లెక్కపెట్టి తాళం వేస్తారు. ఆ వేళకి తలుపు పక్కన వచ్చి నిలబడతాడు. తిట్టొద్దు. ఎవరో ఒకరు లెక్కపెడితే వెళ్ళి కూర్చుంటాడు. పప్పన్నం ఇష్టం. కారం అలవాటు లేదు, గుంటూరు కారం అసలే పెట్టొద్దు.

పిల్లల్లేని ఇంట్లో స్తుతిని పెంచావు. ఇంకొకడిని నెట్టుకురమ్మంటున్నాను. నీ తమ్ముడి ముఖం చూసి వాడి కోసం చెయ్యి.

లిడియా

*

నల్లపాడు
20 ఫిబ్రవరి 2025

లిడియా,

సంతకాలయ్యాక వాణ్ణి గేటు బయట నా చేతికిచ్చారు. నువ్వు లోపల ఎక్కడో ఉన్నావు. నిన్ను చూడాలని నేను అడగలేదు. వాడు ఏడవలేదు. రైల్లో కిటికీ దగ్గర కూర్చోబెడితే దారంతా "ఇది కూడా బయటేనా? ఇది కూడానా?" అని అడుగుతూ వచ్చాడు. కృష్ణా బ్రిడ్జి మీద అడిగాడు, మిరప కల్లాలు చూసి అడిగాడు. ఆ భుజం వంచి నడిచే నడక చూసి ప్లాట్‌ఫారం మీద వాణ్ణి ముందు నడవనిచ్చి నేను వెనక నడిచాను.

నువ్వు చెప్పినట్టే చుట్టాల పిల్లాడన్నాను. ఆ మాట మూడు రోజులు కూడా నిలబడలేదు. మూడో రోజు మధ్యాహ్నం ఇద్దరికీ అన్నం పెట్టాను. స్తుతి జడ ఊడి కంచంలో పడుతోంది. వాడు లేచి దాని వెనక్కి వెళ్ళి చక్కగా మూడు పాయలు తీశాడు.

"నీకు జడెయ్యడం ఎట్టా వచ్చురా?" అంది.

"మా అమ్మకి నేనే ఏస్తా."

"మీ అమ్మ పేరేంది?"

"లిడియా."

"మా అమ్మ పేరు కూడా లిడియానే. చచ్చిపోయింది."

"మా అమ్మ చచ్చిపోలా. జైల్లో ఉంది. కుట్టుమిషను కుడతది" అన్నాడు. అన్నాక నువ్వు నేర్పింది గుర్తొచ్చినట్టుంది. రెండు చేతులతో నోరు మూసుకున్నాడు. వేళ్ళ సందుల్లోంచి "లేదు, లేదు, మా అమ్మ లేదు" అంటూనే ఉన్నాడు.

స్తుతి వాణ్ణి చూడలేదు. నావైపు తిరిగింది. "అత్తా, ఆ సమాధిలో ఎవరున్నారు?" అంది.

"ఎవరో తెలీదమ్మా" అన్నాను.

చేయి కడుక్కుని వెళ్ళిపోయింది. అప్పటి నుంచి సరిగ్గా తినడం లేదు. నిన్న అడిగింది, అమ్మ ఏం చేసిందని జైల్లో పెట్టారని. పని ఉందని తప్పించుకున్నాను. ఎన్నాళ్ళు తప్పించుకోను? ఏం చెప్పాలో నువ్వే రాయి. ఆ మాట చెప్పే నోరు నాకు లేదు.

ఎలీసమ్మ

*

రాజమండ్రి
3 మార్చి

వదినకు,

నిజమే చెప్పు. వేరే వాళ్ళ నోట వినేలోపు నువ్వే చెప్పు. నాన్న చస్తానన్నాడు, అమ్మకి కోపం వచ్చింది, అనకూడని మాట అంది, చేతికి ఇవ్వకూడనిది ఇచ్చింది, నాన్న చనిపోయాడు, అందుకే జైల్లో పెట్టారు అని చెప్పు. నాన్న తాగుబోతని చెప్పొద్దు. కొట్టేవాడని కూడా చెప్పొద్దు. పోయినవాణ్ణి దానికి మంచిగానే మిగలనీ.

"అమ్మే చంపిందా?" అని అడుగుతుంది. దానికి ఏం చెప్పాలో నాకూ తెలియదు. నిజంగా తాగుతాడనుకోలేదని కోర్టులో చెప్పాను. అది నిజమే. కానీ ఒక్కోసారి కుట్టుమిషను ముందు కూర్చున్నప్పుడు, ఆ క్షణంలో నా మనసులో ఏముందా అని వెతుక్కుంటాను. సరిగా దొరకదు. ఈ ఉత్తరాలు ఆఫీసులో చదివి పంపిస్తారు. చదవనీ.

మార్క్ దుప్పటి ఇంకా ఇక్కడే ఉంది. ఉతకలేదు. వాడు సాయంత్రాలు తలుపు దగ్గర నిలబడుతున్నాడా?

లిడియా

*

నల్లపాడు
25 ఏప్రిల్

లిడియా,

చెప్పాను. నువ్వు రాసిన మాటలే చెప్పాను. ఏడుస్తుందేమో, పట్టుకుందామనుకున్నాను. ఏడవలేదు. "నాన్న వద్దంటే అమ్మ తాపిందా?" అని అడిగింది. కాదన్నాను. "మరి నాన్నకి తాగొద్దని తెలీదా?" అంది. అంతటితో ఆపేసింది. ఈస్టరు రోజు సమాధుల తోటకి వచ్చింది కానీ పూలన్నీ వాళ్ళ నాన్నకే పెట్టింది.

వాడు నిలబడుతున్నాడు. మొదట్లో "ఇక్కడ ఎవరూ లెక్కపెట్టరురా" అనేదాన్ని. నిలబడి నిలబడి కాళ్ళు వణికేవి గాని కదిలేవాడు కాదు. ఇప్పుడు ఎక్కడ ఉన్నా ఆరింటికి వచ్చి, "మార్క్, ఒకటి" అంటాను. వెళ్ళి ఆడుకుంటాడు. ఒకరోజు షెడ్డు నుంచి ఆలస్యంగా వచ్చేసరికి అలాగే నిలబడి ఉన్నాడు. స్తుతి పక్కనే కూర్చుని పుస్తకం చదువుకుంటోంది. ఒక్క మాట అంటే వాడు కూర్చునేవాడు. అనలేదు.

అది వాడితో మాట్లాడదు. పేటలో పిల్లలకి సంగతి తెలిసిపోయింది. వీణ్ణి జైలాట ఆడదామని పిలిచి స్తంభానికి కట్టేశారు. వీడికి కోపం రాలేదు. "తాళం అట్టా ఎయ్యరు, ముందు పేరు పిలవాలి" అని వాళ్ళకి నేర్పుతున్నాడు. స్తుతి వచ్చి కట్లు విప్పి, వాణ్ణి చొక్కా పట్టుకుని ఇంటికి ఈడ్చుకొచ్చి, నా ఎదురుగానే చెంప మీద కొట్టింది. దాన్ని నేను ఆపలేదు. ఇద్దరిలో ఎవర్ని దగ్గరికి తీసుకోవాలో తెలియక అలాగే నిలబడ్డాను.

పాస్టరమ్మ గారు ఒకసారి ఇద్దర్నీ నీ దగ్గరికి తీసుకెళ్ళి చూపించమన్నారు. సెలవులిచ్చారు. వచ్చే నెల ములాఖతుకి తీసుకొస్తాను.

ఎలీసమ్మ

*

రాజమండ్రి
18 మే

వదినకు,

మీరు వెళ్ళి మూడు రోజులైంది. ఇప్పుడు రాస్తున్నాను.

వాడు సంచిలో బట్టలు సర్దుకొచ్చాడని నాకు తెలియదు, నీకూ తెలియదనుకుంటాను. చూడటానికి వచ్చాననుకోలేదు వాడు, ఇంటికి వచ్చాననుకున్నాడు. అద్దానికి ఇవతల నేను ఫోను పట్టుకుంటే, అవతల ఫోను పట్టుకోకుండా తలుపెక్కడుందా అని గోడ వెంట తడుముతున్నాడు. నువ్వు వాడి చెవి దగ్గర ఫోను పెట్టాక "అమ్మా, తలుపు తియ్యమను" అన్నాడు. "నేను మంచిగున్నా, అడుగు అత్తని. ఇంక రావచ్చు" అన్నాడు. తను తప్పు చేసినందుకే బయటికి పంపామని అనుకున్నాడు వదినా. మూడు నెలలుగా మంచిగా ఉంటే తిరిగి రానిస్తారని అనుకుంటూ ఉన్నాడు. అక్కడ కాపలాకి నిలబడ్డ ఆవిడే చిన్నప్పుడు వాణ్ణి ఎత్తుకుని తిప్పింది. ఆవిడ ముఖం తిప్పుకుంది.

నువ్వు వాణ్ణి అద్దం దగ్గర్నుంచి లాక్కుని వెళ్తుంటే నీ చేతులు చూశాను. మిరప మంటకి చర్మం ఎలా అయిపోయిందో. ఇన్నేళ్ళుగా నాకు నీ చేతులు గుర్తు లేవు.

స్తుతి వచ్చింది, లోపలికి రానంది, బయట బెంచీ మీద కూర్చుంది అన్నావు. అంత దగ్గరికి వచ్చింది. ఏ రంగు గౌను వేసుకుంది? ఎంత ఎత్తు ఉంది, నీ భుజందాకా వచ్చిందా? ఇవి రాయి.

ఇంక వాణ్ణి తీసుకురావద్దు. మర్చిపోనీ.

లిడియా

*

నల్లపాడు
20 జూన్

లిడియా,

పచ్చ గౌను. నా చెవిదాకా వస్తుంది. రెండు జడలు.

వాడు మర్చిపోలేదు. ఒకటో తరగతిలో చేర్చాను. మగ సారు పాఠం చెబితే బల్ల కిందకి దూరుతున్నాడట. టీచరమ్మ ఉన్న గదికి మార్చమని అడిగాను. మార్చారు.

ఈ ఉత్తరంతోపాటు స్తుతి రాసింది ఒకటి పెడుతున్నాను. అతికించి ఇచ్చింది. నేను ఆవిరి పెట్టి విప్పి చదివాను. అలా చేయకూడదు, చేశాను. చదివాక పోస్టు చేయకుండా వారం రోజులు నా దగ్గరే ఉంచుకున్నాను. అది రోజూ బడి నుంచి వచ్చి "జవాబొచ్చిందా?" అని అడుగుతుంటే ఇంక ఉంచుకోలేక పంపుతున్నాను.

ఏం రాస్తావో నీ ఇష్టం. నువ్వు ఏం రాసినా నేను కాదనను.

ఎలీసమ్మ

(జతపరచిన కాగితం)

అమ్మకు,
నేను స్తుతి. ఐదో తరగతి చదువుతున్నాను. ఆరేళ్ళ లోపు పిల్లలు జైల్లో అమ్మ దగ్గర ఉండొచ్చని మార్క్ చెప్పాడు. అక్కడ ఒక పాప నాలుగేళ్ళప్పుడు వచ్చిందంట. నువ్వు వెళ్ళినప్పుడు నాకు మూడేళ్ళు. నేను లెక్క చూశాను. నేను కూడా మూడేళ్ళు నీ దగ్గర ఉండొచ్చు. నన్ను ఎందుకు తీసుకెళ్ళలేదు? వాణ్ణి ఒక్కణ్ణే ఎందుకు ఉంచుకున్నావు? జవాబు రాయి. ఏం రాశానో అత్తకి చెప్పలేదు.
స్తుతి

*

రాజమండ్రి
5 జులై

వదినకు,

దాని లెక్క సరైనదే.

ఆ రోజు పోలీస్ స్టేషన్లో నా ఒళ్ళోంచి స్తుతిని తీసుకున్నది నువ్వు. "నా తమ్ముణ్ణి తిన్నావు, దీన్ని కూడా తింటావా?" అన్నావు. దాని గౌను అంచు పట్టుకుని నేను వదల్లేదు, చిరిగింది. తర్వాత లాయరుతో రెండుసార్లు అడిగించాను, పిల్లని నా దగ్గరికి పంపమని. నువ్వు పంపలేదు. ఇదంతా దెప్పడానికి రాయడం లేదు. నువ్వు పంపనందుకు అప్పుడు నిన్ను శపించాను. ఇక్కడ మార్క్ పెరగడం చూశాక, నువ్వు పంపకపోవడమే మంచిదయిందేమో అని కూడా అనుకున్నాను. రెండూ నిజమే.

దానికి ఈ సంగతి చెప్పొద్దు. నా మీద కోపం ఎంతైనా ఉండనీ, ఇంత దూరం నుంచి ఆ కోపం నన్నేం చేస్తుంది? నీ మీద కోపం వస్తే అది ఎవరి పక్కన పడుకుంటుంది, ఎవరు పెట్టిన అన్నం తింటుంది? దానికున్నది నువ్వొక్కదానివే. అందుకే దీంతో పెట్టిన కాగితంలోది నిజమన్నట్టు దానికివ్వు.

లిడియా

(జతపరచిన కాగితం)

నా తల్లి స్తుతికి,
అమ్మ ముద్దులు. నీ అక్షరాలు చాలా బాగున్నాయి. నిన్ను నేనే వద్దనుకున్నానమ్మా. జైలు పిల్లలు ఉండే చోటు కాదు. నువ్వు బడికి వెళ్ళి చదువుకోవాలని, నేనే అత్తని బతిమాలి నిన్ను ఇచ్చాను. మార్క్ కడుపులో ఉన్నాడు కనక వెంట వచ్చాడు, అంతే. తప్పు నాది. అత్త చాలా మంచిది, ఆవిడ మాట విను. తమ్ముణ్ణి కొట్టకు.
అమ్మ

*

నల్లపాడు
3 ఆగస్టు

అమ్మాయ్ లిడియా,

నీ కాగితం దానికిచ్చాను. గుమ్మంలో నిలబడి చదివింది. "వద్దనుకుందంట" అంది. మడిచి లెక్కల పుస్తకంలో పెట్టుకుంది. ఆ సాయంత్రం నా కొంగు పట్టుకుని నా వెనకే తిరిగింది, చిన్నప్పుడు తిరిగినట్టు. "నువ్వు నన్ను ఒద్దనవుగా అత్తా?" అంది.

ఆ మాట విన్నాక రెండు వారాలు నాకు అన్నం సయించలేదు. నువ్వు నాకు మేలు చేశావు. ఆ మేలు తీసుకుని నోరు మూసుకుంటే సరిపోయేది. పోయిన ఆదివారం గుడి నుంచి వచ్చాక తల దువ్వుతూ చెప్పేశాను. మీ అమ్మ నిన్ను వద్దనలేదు, నేనే లాక్కొచ్చాను, అడిగినా పంపలేదు, నాకు పిల్లల్లేరు, నీమీద ఆశపడ్డాను అని చెప్పాను. దాని ముఖం నాకు కనపడకుండా వెనక కూర్చుని చెప్పాను. అంతమాత్రం ధైర్యమే నాకుంది.

జుట్టు నా చేతిలోంచి తీసుకుని లేచింది. "అయితే ఇద్దరూ నాకు అబద్ధాలే చెప్పారు" అంది.

అంతే. అప్పటి నుంచి నాతో మాట లేదు. పెట్టింది తింటుంది, చెప్పిన పని చేస్తుంది, అత్తా అని మాత్రం పిలవడం లేదు. నీకు జవాబు రాయమంటే తల అడ్డంగా ఊపింది. దానికి నేనేం చేయను? కోప్పడే హక్కు లేదు, బతిమాలితే వినదు. నువ్వు కాపాడదామనుకున్నది నేను చెడగొట్టాను. చెప్పకుండా ఉండాల్సిందేమో. ఇప్పటికీ తెలియడం లేదు.

అది మాట్లాడేది ఒక్క మార్క్‌తోనే. ఇంతకాలం వాడి ముఖం చూడనిది, ఇప్పుడు బడి నుంచి రాగానే వాణ్ణి పెరట్లోకి తీసుకుపోయి కూర్చోబెడుతుంది. నిన్న నేను పొయ్యి దగ్గర ఉన్నాను. తడిక అవతల వాళ్ళిద్దరూ.

"అమ్మ నీకు అన్నం ఎట్టా పెట్టేది?"

"చేత్తో. ముద్దలు చేసి."

"ఎన్ని ముద్దలు?"

"ఐదు. ఆకలైతే ఆరు."

"పాట పాడేదా?"

"ఆ."

"ఏది, పాడు."

వాడు పాడాడు. ఏదో జోలపాట. మాటలు సగం వాడివే. పాడి ఆపాడు. "అంతేనా? ఇంకా ఉందా?" అంది. ఉందన్నాడు. "మొదటి నుంచి పాడు, నేను కూడా పాడతా" అంది.

గిన్నెలో పప్పు అడుగంటుతున్న వాసన వస్తోంది. నేను కదిలితే చప్పుడవుతుంది, వాళ్ళు ఆపేస్తారు. అందుకని కదల్లేదు. పప్పు మాడిపోయింది.

నీ వదిన,
ఎలీసమ్మ